ముప్పై జెండాల్లో ఏది వదిలేద్దాం?

“ఒకే పందెంలో ఆ పిల్లా నేనూనా? ఇదేం పందెమే!” అన్నారు నాన్న.

ఆ పిల్ల అంటే మా పక్కన నిలబడి కాళ్ళు సాగదీసుకుంటున్న పాతికేళ్ళ అమ్మాయి. రోజూ పరిగెత్తే మనిషని చూస్తేనే తెలిసిపోతోంది. నాన్నకి 71. తెనాలిలో లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు, వాన రాబోతోందంటే ఆయన ఎడమ మోకాలు ముందే చెప్పేస్తుంది. మా చిన్నికి తొమ్మిదేళ్ళు. ముగ్గురి చేతుల్లోనూ ఒకటే మ్యాపు, ముగ్గురికీ అదే 45 నిమిషాల గడువు. సిడ్నీలో ఓ పార్కు మూల, బుధవారం సాయంత్రం, ఓరియంటీరింగ్ అనే ఆట. ఆఫీసు నుంచి తిన్నగా వచ్చి కారులోనే బట్టలు మార్చుకుంటున్నవాళ్ళు కొందరు, పసిపిల్లని బండిలో తోసుకొస్తున్నవాళ్ళు కొందరు. పలకరింపులు వింటుంటే ఏదో పెళ్ళిలో కలిసినట్టుంది గానీ పందానికి వచ్చినట్టు లేదు.

నాన్న అడిగింది న్యాయమైన ప్రశ్నే. తొమ్మిదేళ్ళ పిల్లనీ డెబ్బై దాటిన పెద్దాయన్నీ దేశం తరఫున పరిగెత్తగల మనిషినీ ఒకే ఆటలో ఎలా దింపుతారు? దింపినా, ముగ్గురూ వచ్చే వారం మళ్ళీ రావాలనిపించేలా ఎలా నడుపుతారు? ఇదంతా పైకి సరదా నడకలా కనిపిస్తుంది. లోపల మాత్రం భూగోళం, లెక్కలు, కొంచెం మనస్తత్వం పెనవేసుకుని ఉన్నాయి. ఆ ముడి విప్పడానికి నాకు రెండు సీజన్లు పట్టింది.

ముందు ఆట సంగతి. ఓరియంటీరింగ్ అంటే మ్యాపు మీద గుర్తుపెట్టిన చోట్లని నేల మీద వెతుక్కుంటూ వెళ్ళి రావడం. ప్రతి చోటా నారింజ, తెలుపు రంగుల జెండా ఒకటి వేలాడుతుంది, పక్కనే నంబరుంటుంది. చోటునీ జెండానీ కలిపి కంట్రోల్ అంటారు. మామూలుగా ఇది అడవుల్లో ఆడే ఆట. సిడ్నీ సమ్మర్ సిరీస్‌లో మాత్రం అక్కడి వేసవి నెలల్లో, అక్టోబరు నుంచి మార్చి దాకా బుధవారం సాయంత్రాల్లో ఊళ్ళోనే ఆడిస్తారు. వారానికో పేట. గరింగల్, ఉరింగ, బెనెలాంగ్ నార్త్‌సైడ్, బిగ్ ఫుట్, వెస్టర్న్ అండ్ హిల్స్ లాంటి క్లబ్బులు వంతులేసుకుని నడుపుతాయి. 30 కంట్రోళ్ళు ఉంటాయి. మొదటి పదీ తలా 10 పాయింట్లు, తర్వాతి పదీ 20, ఆఖరి పదీ 30. అన్నీ తెస్తే 600. ఏ వరసలో వెళ్తారన్నది మీ ఇష్టం, ఎన్నిటికి వెళ్తారన్నదీ మీ ఇష్టమే. 45 నిమిషాల్లో వెనక్కి రావాలి, ఆలస్యమైతే పాయింట్లు కోస్తారు. ఇంతే ఆట.

ఈ నిబంధనల్లోనే నాన్న ప్రశ్నకి సగం జవాబుంది. మామూలు పరుగు పందెంలో దూరం అందరికీ ఒకటే, టైమే మనిషిమనిషికీ మారుతుంది. అందుకని నెమ్మదిగా వచ్చేవాళ్ళు ఎప్పుడూ ఆఖర్నే వస్తారు. అప్పటికి రిబ్బను చుట్టేసి ఉంటారు, చప్పట్లు కొట్టేవాళ్ళు ఇళ్ళకి పోయుంటారు, నీళ్ళ సీసాలు కూడా అయిపోయుంటాయి. ఇక్కడ దాన్ని తిరగేశారు. టైము అందరికీ ఒకటే, ఎంత దూరం తిరగాలో ఎవరికి వారు తేల్చుకుంటారు. ఆ పరుగుల అమ్మాయి తొమ్మిది కిలోమీటర్లు తిరిగి 45 నిమిషాలకి వస్తుంది, నాన్న మూడు కిలోమీటర్లు తిరిగి అదే 45 నిమిషాలకి వస్తారు. ఎవరూ ఎవరి కోసమూ కాచుకు కూర్చోనక్కర్లేదు, ఎవరూ వెనకబడినట్టు కనబడరు. పొయ్యి మీద సాసేజీలు కాలే వేళకి అందరూ ఒకేచోట ఉంటారు. (మేం చపాతీల డబ్బా పట్టుకెళ్తాం, అది వేరే సంగతి.)

బయల్దేరడం కూడా ఈల వేయగానే అందరూ ఒకేసారి కాదు. ఆఫీసు నుంచి ఎప్పుడు రాగలిగితే అప్పుడే, చివరి గడువు దాటకుండా. మీ 45 నిమిషాలు మీ వేలికున్న చిప్పులోనే మొదలవుతాయి. స్పోర్ట్‌ఐడెంట్ అనే చిన్న ప్లాస్టిక్ పుల్ల అది, వేలికి తొడుక్కోవాలి. జెండా దగ్గరున్న డబ్బా రంధ్రంలో పెడితే ‘కీచ్’మంటుంది, దీపం వెలుగుతుంది, మీరు అక్కడికి ఏ సెకనులో వచ్చారో అందులో ఎక్కుతుంది. పూర్వం ఈ పని పిన్నులున్న చిన్న పట్టకారుతో కాగితానికి బెజ్జాలు పొడిచి చేసేవారట. కీచుమన్న చప్పుడు విన్నాక చిన్నిని ఆపడం మా వల్ల కాలేదు. పిల్లలు ఈ ఆటకి మళ్ళీ రావడంలో సగం వాటా ఆ చప్పుడిదే అని నా నమ్మకం.

ఇక మ్యాపు.

నాన్న దాన్ని చేతిలోకి తీసుకోగానే “ఈ తెల్లగా ఉన్నదంతా ఖాళీ స్థలమా?” అని అడిగారు. కొత్తవాళ్ళందరూ పడే గొయ్యే ఇది. ఓరియంటీరింగ్ మ్యాపులో తెలుపంటే సులువుగా పరిగెత్తగలిగే అడవి. అసలీ మ్యాపు పుట్టిందే స్వీడన్, నార్వే అడవుల్లో కదా, అక్కడ అడవే మామూలు నేల. పసుపంటే బయలు. ఆకుపచ్చ ఎంత ముదిరితే పొద అంత దట్టం. నీలం నీళ్ళు, గోధుమ రంగు గీతలు ఎత్తుపల్లాలు, రాళ్ళూ గోడలూ నలుపు. ఇవి కాక ఆలివ్ రంగు ఒకటుంది, ఊరి మ్యాపుల్లో అన్నిటికన్నా ముఖ్యమైంది అదే. ఆలివ్ అంటే ఒకరి ఇంటి పెరడు, అడుగు పెట్టకూడదు. కంచె ఎంత పొట్టిగా ఉన్నా సరే, గేటు బార్లా తెరిచి ఉన్నా సరే.

దిక్కుల సంగతి చెబితే నాన్నకి ఇప్పటికీ కోపమొస్తుంది. ఆయన సిడ్నీలో దిగిన వారమంతా ముసురు. ఒకరోజు మిట్ట మధ్యాహ్నం కాస్త తెరిపిస్తే, సూర్యుడు వాలి ఉన్న వైపు దక్షిణమని లెక్కేసుకుని, తల ఎటు పెట్టి పడుకోవాలో ఖాయం చేసుకున్నారు. మన దగ్గర ఏడాదిలో చాలా భాగం మధ్యాహ్నపు సూర్యుడు దక్షిణానికి వాలే ఉంటాడు. సిడ్నీ ఉన్నది భూమధ్యరేఖకి 34 డిగ్రీల దిగువన. అక్కడ ఏడాది పొడుగునా మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరానే ఉంటాడు. ఇళ్ళ ప్రకటనల్లో ‘నార్త్ ఫేసింగ్’ అని గొప్పగా రాసేదీ అందుకే, ఆ వైపు ఎండ బాగా పడుతుందని. తొలి బుధవారం ఎవరో చేతిలో దిక్సూచి పెట్టాక గానీ నాన్నకి తెలీలేదు, వారం రోజులుగా ఉత్తరానికి తలపెట్టి పడుకుంటున్నానని. ఆ రాత్రే మంచం తిప్పించారు.

దిక్సూచి విషయంలో ఇంకో చిక్కుంది. మామూలు మ్యాపు ఉత్తరమూ ముల్లు చూపే ఉత్తరమూ ఒకటి కాదు. హైదరాబాదులో ఆ తేడా ఒక్క డిగ్రీ కూడా ఉండదు గనక మనం పట్టించుకోం. సిడ్నీలో ముల్లు 12, 13 డిగ్రీలు తూర్పుకి జరిగి ఉంటుంది. కొంచెం దూరం నడిస్తే వేరే వీధిలో తేలడానికి అది చాలు. అందుకే ఓరియంటీరింగ్ మ్యాపుల్ని మొదలే ముల్లు చూపే ఉత్తరానికి గీస్తారు, ఆటగాడు ఏమీ కూడనక్కర్లేదు, తీసెయ్యనక్కర్లేదు. మన ఊళ్ళో కొన్న దిక్సూచి పట్టుకెళ్తే మాత్రం ముల్లు ఓ పక్కకి ఒరిగి డబ్బా అడుగుకి రాసుకునే ప్రమాదముంది. భూమి అయస్కాంత బలం మన దగ్గర ఒక వాలులో లాగితే అక్కడ ఇంకో వాలులో, అదీ చాలా నిటారుగా లాగుతుంది. ముల్లుని తూకం వేసేది ఆ ప్రాంతానికి తగ్గట్టు మరి.

ఇంత చెప్పాక ఒక మాట ఒప్పుకోవాలి. ఊరి ఆటలో దిక్సూచి పని అంతంతమాత్రమే. మ్యాపుని నేలకి సరిగ్గా తిప్పి పట్టుకోవడం వస్తే చాలు. ఆ విద్య మనవాళ్ళకి బాగానే వచ్చు. కిళ్ళీకొట్టు దగ్గర దారి అడగండి. “కాలవ గట్టు పట్టుకుని తిన్నగా పోండి, రావిచెట్టు దగ్గర ఎడమకి తిరగండి, సినిమా హాలు కనపడిందంటే దాటొచ్చేశారన్నమాట” అంటాడు. ఓరియంటీరింగ్ శిక్షణలో మొదటి మూడు పాఠాలూ ఇవే. విడవకుండా పట్టుకుని పోయేందుకు ఒక గట్టో కంచో చూసుకో. జెండా కనబడకపోయినా, దానికి కాస్త ముందు ఎవరికైనా కనబడే గుర్తు ఒకటి ఎంచుకో. దాటిపోతే నిన్ను ఆపేది ఏదో ముందే అనుకో. మూడోదే అసలు కిటుకు. తప్పిపోకుండా ఉండటం ఎవరి చేతిలోనూ లేదు, తప్పిపోయామని ఎంత త్వరగా తెలుస్తుందన్నదే లెక్క. ఇంగ్లీషులో వీటికి బోలెడు పేర్లున్నాయి. నాన్నకి కిళ్ళీకొట్టు పేరు చెబితే సరిపోయింది.

మొదటి వారం ఆయన చేసిన పొరపాటు దారి తప్పడం కాదు, ఆశపడటం. మ్యాపు మూలన 30 పాయింట్ల జెండా కనబడింది, “ముందు పెద్దది కొట్టేద్దాం” అన్నారు. మనవరాలు సై అంది. అది ఒక వాగు లోయ అవతల ఉంది. వెళ్ళేసరికే టైములో పావు వంతు పైన అయిపోయింది, ఎక్కి వచ్చేటప్పుడు మోకాలు మొండికేసింది. నాలుగు నిమిషాలు ఆలస్యంగా చేరారు. ఆ తెచ్చుకున్న ముప్పై కోతలో పోయింది, పైన ఇంకొంచెం కూడా.

ఆ రాత్రి లెక్కల మాస్టారు నిద్రలేచారు. అంటే నిజంగానే లేచి, భోజనాల బల్ల మీద మ్యాపు పరుచుకున్నారు. మ్యాపు కొలత 1:10,000, అంటే సెంటీమీటరుకి 100 మీటర్లు. తన నడక గంటకి 4 కిలోమీటర్లు, 45 నిమిషాలకి 3 కిలోమీటర్లు, మ్యాపు మీద 30 సెంటీమీటర్లు. “నా బతుకంతా కలిపి ఒక స్కేలు బద్దంత” అన్నారు. తర్వాత మా అమ్మ కుట్టుపెట్టెలోంచి దారం తీసి 30 సెంటీమీటర్లకి తుంచి, మ్యాపు మీద గుండుసూదులు గుచ్చి, వాటి చుట్టూ తిప్పడం మొదలుపెట్టారు. బయల్దేరిన చోటే దారం రెండో కొస కూడా రావాలి.

దారం చెప్పిన సంగతులు చూడండి. ఆ మూల జెండాకి పోను 600 మీటర్లు, రాను 600. దారంలో 12 సెంటీమీటర్లు, ఐదింట రెండు వంతులు, టైములో 18 నిమిషాలు. వచ్చేది 30 పాయింట్లు, నిమిషానికి రెండు కూడా పడదు. పార్కు చుట్టూ పదేసి పాయింట్లవి నాలుగున్నాయి, అన్నీ కలిపి 600 మీటర్ల చుట్టు. తొమ్మిది నిమిషాల్లో 40 పాయింట్లు, నిమిషానికి నాలుగున్నర దాకా వచ్చింది. జెండా మీద రాసిన అంకె దాని వెల కాదు, పై కవరు మీద వేసిన ధర. అసలు వెల దాని చుట్టుపక్కల ఏమున్నాయన్న దాన్ని బట్టి ఉంటుంది. పరుగుల అమ్మాయి దారం 90 సెంటీమీటర్లు, అందులో 12 పోతే ఏడెనిమిదో వంతు. దగ్గరవన్నీ ఏరుకున్నాక కూడా ఆమెకి దారం మిగులుతుంది, ఆ మూలకి పోవడం ఆమెకి తెలివైన పనే. నాన్నకి కాదు. ఒకటే మ్యాపు ఇద్దరికి రెండు వేర్వేరు ప్రశ్నలు వేస్తోందన్నమాట.

ఎత్తుపల్లాలు కలిపితే ఇంకా మారుతుంది. ఒక మీటరు ఎక్కడం చదును మీద పది మీటర్లు నడవడంతో సమానమని ఈ ఆటలో వాడుక లెక్క. గోధుమ గీతలు ఐదేసి మీటర్లకి ఒకటి ఉంటే, ఐదు గీతలు దాటడమంటే 25 మీటర్లు ఎక్కడం, 250 మీటర్లు అదనంగా నడిచినట్టు. దారంలో రెండున్నర సెంటీమీటర్లు ఊరికే పోయాయి. సిడ్నీ ఉత్తరపు పేటలన్నీ ఇసుకరాయి మిట్టలూ వాటి మధ్య వాగులూ. ఎదురుగా రెండు వందల మీటర్లలో కనబడే ఇంటికి చుట్టు తిరిగి ఎనిమిది వందలు నడవాల్సి వస్తుంది.

ఇక్కడ ఓ చిన్న పక్కదారి. ప్యాడింగ్టన్ లాంటి సిడ్నీ పాత పేటల్లో ఇళ్ళ వరసల వెనక ఇరుకు సందులుంటాయి. మురుగు గొట్టాలు రాకముందు రాత్రిపూట మరుగుదొడ్లు ఎత్తేవాళ్ళు నడిచేందుకు వేసిన దారులవి. మన పాత ఊళ్ళలోనూ ఇళ్ళ వెనక అలాంటి సందులుండేవి, ఎందుకుండేవో, ఎవరు నడిచేవారో పెద్దవాళ్ళు చెప్పడానికి ఇష్టపడరు. ఓరియంటీరింగ్ ఆడేవాళ్ళకి ఆ సందులు బంగారం. మ్యాపు మీద వెంట్రుకంత సన్నగా ఉంటాయి, కనిపెట్టినవాడికి రెండు నిమిషాలు మిగులుతాయి. అందులోంచి పరిగెత్తుతున్నప్పుడల్లా నాకు కాస్త ఇబ్బందిగానే ఉంటుంది.

మళ్ళీ దారం దగ్గరికి. నాన్న రెండు రాత్రులు తిప్పి తిప్పి “దీనికి సూత్రం ఉండి తీరాలే” అన్నారు. లేదు. పెద్దపెద్దవాళ్ళు వెతికారు. 30 జెండాల్లో ఏవి ఉంచాలి, ఏవి వదలాలి అన్నదొక్కటే చూసినా, ఒక్కోదానికి రెండేసి అవకాశాల చొప్పున 107 కోట్ల పైచిలుకు ఎంపికలవుతాయి. ఎంచుకున్నవాటిని ఏ వరసలో తిరగాలన్నది ఆ తర్వాతి గొడవ. ఊరూరూ తిరిగే అమ్మకందారుడి సమస్య అని ఒకటుంది, అన్ని ఊళ్ళూ చుట్టి అతి తక్కువ దూరంలో ఇల్లు చేరడం. ఇది దానికి తోబుట్టువు, పైగా అక్కడ లేని చిక్కొకటి ఇందులో ఉంది. అమ్మకందారుడు ఏ ఊరూ వదలడు. మనం వదలాలి. 1987లో గోల్డెన్, లెవీ, వోహ్రా అనే ముగ్గురు పరిశోధకులు ఈ ఆట పేరే పెట్టి ‘ఓరియంటీరింగ్ ప్రాబ్లమ్’ అని పత్రం రాశారు, ఇది లెక్కల్లో అతి కఠినమైన కోవకి చెందుతుందని చూపించారు. అంటే జెండాలు ఎన్నున్నా, ఎలా ఉన్నా చకచకా కచ్చితమైన జవాబు తేల్చే పద్ధతి ఇప్పటిదాకా ఎవరికీ దొరకలేదు. ముప్పై జెండాలైతే కంప్యూటరు కుస్తీపట్టి తేలుస్తుంది. పార్కు మూల నిలబడ్డ మనిషికి మాత్రం మ్యాపు చూసి ఆలోచించుకోవడానికి దొరికేది ఒకటో రెండో నిమిషాలు.

కఠినమైన లెక్క అంటున్నాను గానీ ఇది మనందరికీ ఇంట్లో తెలిసిందే. తిరుపతి ప్రయాణం గుర్తు తెచ్చుకోండి. దర్శనం అయింది, సాయంత్రం రైలు. అలిమేలు మంగాపురం దగ్గరే, అది ఖాయం. కాళహస్తి తూర్పున, కాణిపాకం పడమర దాదాపు డెబ్బై కిలోమీటర్లు. రెండూ పడవు. అత్తగారు కాళహస్తి అంటారు, మామగారు కాణిపాకం అంటారు, డ్రైవరు “రెండూ తిప్పేస్తానండీ” అంటాడు, రైలు తప్పుతుంది. డ్రైవరు మాట విని పెద్ద జెండాకి పరిగెత్తినవాళ్ళే మొదటి వారం నాన్నా చిన్నీ.

ఆడగా ఆడగా అనుభవం నేర్పేది అందుకే వేగం కాదు. మధ్యలో ఆగి, ఇందాక వేసుకున్న పథకాన్ని సిగ్గుపడకుండా చింపేయడం. 30 నిమిషాలు గడిచేసరికి ఎక్కడుండాలో ముందే అనుకోవాలి. అక్కడ లేకపోతే ఏవి వదలాలో కూడా ముందే అనుకోవాలి. అప్పటికప్పుడు తేల్చుకుందామంటే అలసట మన బదులు తేల్చేస్తుంది. పరుగులో నాకన్నా బాగా వెనకుండే ఓ ఆవిడ, ఎనభైకి అటూఇటూ ఉంటారు, పాయింట్లలో నన్ను మూడుసార్లు దాటారు. ఆవిడ ఎప్పుడూ ఆగినట్టు కనబడదు, ఎప్పుడూ తొందరపడినట్టూ కనబడదు.

ఆవిడ గురించే ఇంకో ముచ్చట. ఈ సిరీస్‌లు నడిచేది స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళ మీద. ఎవరో ముందుగానే పేటంతా తిరిగి మ్యాపు సరిచూడాలి, కొత్తగా కట్టిన గోడలు ఎక్కించాలి, కౌన్సిలు అనుమతి తెచ్చుకోవాలి, పిల్లలు పెద్ద రోడ్డు దాటే అవసరం రాకుండా జెండాల చోట్లు ఎంచాలి. ఆ పూట అందరికన్నా ముందు వెళ్ళి ముప్పై జెండాలూ కట్టాలి, చీకటి పడ్డాక విప్పుకు రావాలి. నా వంతు వచ్చినప్పుడు ఓ సందు ఉత్తరపు కొసన కట్టాల్సిన జెండా దక్షిణపు కొసన కట్టాను. నలభై మంది దాకా వెతుక్కున్నారు. గట్టిగా ఎవరూ అనలేదు. ఆవిడ వచ్చి మ్యాపు నా ముందు పెట్టి, బొటనవేలి గోరుతో సందు ఈ కొస నుంచి ఆ కొస దాకా మెల్లిగా గీసి, ఊరుకున్నారు. నా జన్మలో మళ్ళీ ఆ తప్పు చేయను.

వయసుల వారీగా పట్టికలు ఉండనే ఉన్నాయి. ఓరియంటీరింగ్ ప్రపంచమంతటా ముప్పై ఐదు దాటినవాళ్ళకి ఐదేసి ఏళ్ళకి ఒక వర్గం, తొంభై దాకా కూడా పోతుంది. నాన్న తన తోటివాళ్ళతోనే పోటీ, పరుగుల అమ్మాయితో కాదు. ఇలాంటి సిరీస్‌లలో సాధారణంగా సీజన్ మొత్తంలో బాగా వచ్చిన కొన్ని వారాలే లెక్కలోకి తీసుకుంటారు గనక, ఒక బుధవారం జ్వరమొచ్చినా, ఆఫీసులో ఆలస్యమైనా కొంప మునగదు. నాకు మాత్రం పట్టికల కన్నా ముఖ్యం ఆట అయ్యాక జరిగేది అనిపిస్తుంది. అందరూ ఒకే మ్యాపు మీద వేళ్ళు పెట్టి “నువ్వు ఇటెందుకు పోయావు” అని తగవులాడుకోవడం. పరుగుల అమ్మాయికి 540, నాన్నకి 110. ఆమె మాత్రం ఆయన పక్కన గడ్డి మీద కూర్చుని లోయ దాటే దారి ఏదో చూపిస్తోంది. వయసుకో దారి గీసి వేర్వేరు మ్యాపులిచ్చే పందెంలో ఈ మాటలకి తావే ఉండేది కాదు.

అడవి ఆట ఊళ్ళోకి ఎలా వచ్చిందో కూడా క్లుప్తంగా చెప్పాలి. ఈ మాటని 1886లో స్వీడన్ సైన్యం వాడింది, తెలీని నేల మీద మ్యాపూ దిక్సూచితో దారి తీయడమని అర్థం. మామూలు జనం పాల్గొన్న తొలి పోటీ 1897 అక్టోబరు 31న నార్వేలో ఓస్లో దగ్గర జరిగింది. 1961లో అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడింది. ఆస్ట్రేలియాకి 1969లో చేరితే, 1985కల్లా విక్టోరియాలోని బెండిగోలో ప్రపంచ పోటీలే జరిగాయి. టైము బిగించి పాయింట్లు ఏరుకునే పద్ధతి ఆ దేశానికి బాగా ఒంటబట్టింది. 1976లో మెల్‌బోర్న్‌వాళ్ళు 24 గంటల పాటు జట్లుగా రాత్రింబవళ్ళు అడవిలో తిరిగే ఆటకి రోగేనింగ్ అని పేరు పెట్టి ఓ రూపమిచ్చారు. మన బుధవారం ఆట దానికి పిల్ల రూపం అనుకోవచ్చు.

ఊళ్ళోకి రావడానికి అసలు కారణం మాత్రం చాలా మామూలుది. ఉద్యోగం చేసేవాడు వారం మధ్యలో అడవికి పోలేడు. సిడ్నీలో డిసెంబరులో గడియారం ఒక గంట ముందుకి జరిపి ఉంటుంది గనక రాత్రి ఎనిమిదింటి దాకా వెలుగుంటుంది. మెల్‌బోర్న్‌లోనూ వేసవి సాయంత్రాల్లో పేటపేటకీ ఆడతారు. లండన్‌వాళ్ళు దీన్నే తిరగేసి చలికాలం చీకట్లో తలకి దీపం కట్టుకుని ఆడతారు. అక్కడ జెండాలు కూడా కట్టరు. దీపస్తంభం మీద ఉన్న నంబరెంత అని ప్రశ్న ఉంటుంది, జవాబు రాసుకుని రావాలి.

మెదడుకి మంచిదట కదా అని అడుగుతారు చాలామంది. 2023లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్ళు ప్రచురించిన అధ్యయనంలో, ఈ ఆటలో ఆరితేరినవాళ్ళు దారి గుర్తుంచుకోవడంలో, చోట్లు గుర్తుంచుకోవడంలో తాము మెరుగని చెప్పుకున్నట్టు తేలింది. ‘చెప్పుకున్నట్టు’ అన్నది గమనించండి, పరీక్ష పెట్టి కొలిచింది కాదు. దిక్కులు బాగా తెలిసినవాళ్ళే ఈ ఆటకి వస్తారేమో కూడా. మతిమరుపు రాదని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి. ఫోను జేబులో పెట్టుకుని ముప్పావు గంట మీరే దారి వెతుక్కోవడం అరుదైపోయిన పని అన్నంత వరకూ నేను ఒప్పుకుంటాను.

‘అన్ని వయసులకీ’ అన్న మాటని కూడా కాస్త గీకి చూడాలి. వయసు దగ్గర నిజమే. మెట్లూ గట్లూ ఉన్న పేటలో చక్రాల కుర్చీ పోదు. ట్రెయిల్ ఓరియంటీరింగ్ అని వేగంతో పని లేని వేరే పోటీ ఉంది గానీ బుధవారం సాయంత్రం అది ఉండదు. ఇంకోటి, ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడతామని 2021 జనాభా లెక్కల్లో రాసినవాళ్ళు 59 వేల పైచిలుకు. రెండు సీజన్లలో ఆ పార్కుల్లో నేను విన్న తెలుగు మా ఇంటి తెలుగే. మనకి తలుపులు ఎవరూ మూయలేదు, ఖర్చు కూడా నామమాత్రమే. బుధవారం సాయంత్రమంటే మనకి కూచిపూడి క్లాసు, లేకపోతే సెలెక్టివ్ స్కూలు (పరీక్ష పెట్టి పిల్లల్ని చేర్చుకునే ప్రభుత్వ బడి) పరీక్ష కోచింగు.

మన ఊళ్ళలో ఆడించడం కుదురుతుందా అంటే, మ్యాపు ఇప్పుడు పెద్ద అడ్డంకి కాదు. ఓపెన్‌ఓరియంటీరింగ్‌మ్యాప్ అనే వెబ్‌సైటు ఏ పేటకైనా ఉచిత పటాల సమాచారంతో ఈ ఆటకి తగ్గ మ్యాపు తయారుచేసి ఇస్తుంది. ఆస్ట్రేలియాలో పుట్టిన మ్యాప్‌రన్ అనే యాప్ ఉంటే జెండాలు, డబ్బాలు కూడా అక్కర్లేదు, చోటు చేరగానే ఫోనే మోగుతుంది. అడ్డంకులు వేరే. హైదరాబాదులో ఏ కాలంలోనూ ఏడింటి తర్వాత పెద్దగా వెలుగుండదు, కాబట్టి తెల్లవారుజామునే ఆడాలి. ఆ వేళ వీధి కుక్కలదే రాజ్యం, పరిగెత్తేవాణ్ణి అవి ఊరికే వదలవు. గేటెడ్ కాలనీలు వచ్చాక అడ్డదారులూ మూసుకుపోయాయి, మ్యాపులో సగం ఆలివ్ రంగే.

నాన్న తెనాలి వెళ్ళిపోయి నాలుగు నెలలైంది. మొన్న ఫోను చేసి, ఊరి మ్యాపు ప్రింటు తీయించానన్నారు. మూడు కాలవలూ నీలం గీతల్లా భలే వచ్చాయట, వంతెన ఎక్కడుందో తెలిస్తేనే లెక్క తేలుతుందట. వీధి పిల్లలు ఆరుగురు పోగయ్యారట.

“రణరంగ చౌక్ పది పెట్టానే. పట్టాల అవతల ఒకటి ముప్పై పెట్టాను.”

“అంత దూరం పిల్లలు పోతారా నాన్నా?”

“పోతారు. మొదటి వారం అందరూ దానికే పోతారు.”